పాట ఎవరిది? టేపు ఎవరి చేతిలో వుంది?

అమెరికాలో కార్ల ఫ్యాక్టరీలకు పేరుబడ్డ డెట్రాయిట్ నగరంలో హాక్నీ ఇంటిపేరు గల నల్లజాతి అన్నదమ్ములు ముగ్గురు 1970లలో ఒక పాటల జట్టు కట్టారు. డేవిడ్, డానిస్, బాబీ వాళ్ళ పేర్లు. నల్లవాడంటే ఫలానా రకం పాటే పాడాలని రేడియోవాళ్ళూ కంపెనీలవాళ్ళూ గీత గీసిపెట్టిన రోజులవి. వీళ్ళు ఆ గీత దాటి గిటారూ డ్రమ్ములూ పట్టుకుని చెవులు దిమ్మెక్కించే రాక్ పాట కట్టారు. వాళ్ళ తండ్రి ఒక ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖంలోంచే డేవిడ్ తమ జట్టుకు 'డెత్' అని పేరు పెట్టాడు. డెత్ అంటే చావు. చావును చూసి మొహం తిప్పుకోవద్దు, దాన్ని కూడా మంచి మనసుతో చూద్దాం అని ఆయన ఉద్దేశం.

1975లో వీళ్ళు స్టూడియోలో ఏడు పాటలు రికార్డు చేశారు. ఒక పెద్ద కంపెనీ నుంచి కబురొచ్చింది. పాటలు బాగున్నాయి, డబ్బు పెడతాం, కాకపోతే ఆ పేరు మార్చుకోండి అన్నారని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. డేవిడ్ ససేమిరా అన్నాడు. బేరం అక్కడితో ఆగిపోయింది. అన్నదమ్ములు తమ టేపులు తాము తీసుకుని ఇంటికొచ్చేశారు. 1976లో 'ట్రయాంగిల్' అని తమ సొంత లేబుల్ పేరు వేసుకుని రెండు పాటల చిన్న రికార్డు 500 కాపీలు తీశారు. రేడియోలు దాన్ని పట్టించుకోలేదు. జట్టు చెదిరిపోయింది. టేపులు అటకెక్కాయి. 2000లో డేవిడ్ కేన్సర్‌తో చనిపోయాడు. పోయేముందు ఆ టేపులు తమ్ముడి చేతికిచ్చి, వీటిని వెతుక్కుంటూ లోకం ఎప్పటికైనా వస్తుంది, జాగ్రత్త అని చెప్పిపోయాడు. 2009లో షికాగోలోని 'డ్రాగ్ సిటీ' అనే ఒక చిన్న లేబుల్ ఆ ఏడు పాటల్ని బయటికి తెచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత! విన్నవాళ్ళు నివ్వెరపోయారు. పంక్ రాక్ అనే పేరు ఇంకా లోకానికి పరిచయం కాకముందే ఈ నల్లజాతి పిల్లలు ఆ పాట పాడేశారని ఒప్పుకున్నారు.

"పేరు మార్చుకో, పైకి తెస్తాం." ఈ మాట మనకు కొత్తదా? పట్నంలో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు, ఉద్యోగంలో చేరినప్పుడు, కవిత అచ్చుకు పంపినప్పుడు మనల్ని అడిగేది కూడా ఇదే కదా! అందుకే ఎక్కడో డెట్రాయిట్‌లో జరిగిన ముచ్చట ఈ పక్షం సంపాదకీయానికి ఎక్కింది.

రాక్ పాటల సంగతి మనకెందుకు, తెల్లోళ్ళ గోల మనకేం పట్టింది అని మిత్రులు కొందరు అనొచ్చు. ముందు ఒక మాట తెలుసుకోవాలి. రాక్ సంగీతం పుట్టింది నల్లవాళ్ళ గుండెల్లోంచి. పత్తి చేలల్లో, చర్చీల్లో, కూలిపేటల్లో పుట్టిన పాట అది. దాన్ని తెల్లోళ్ళ పాటగా మార్చింది వ్యాపారం. ఆ వ్యాపారం ఎట్లా నడుస్తుంది, దానికి ఎదురుతిరిగిన చిన్నవాళ్ళు సొంతంగా ఏం చేసుకున్నారు, ఎక్కడ గెలిచారు, ఎక్కడ దెబ్బతిన్నారు అన్నది పాటతో ఉద్యమం నడుపుకునే మనలాంటివాళ్ళు తప్పక తెలుసుకోవాలి.

లేబుల్ అంటే నల్లటి రికార్డు మధ్యలో గుండ్రంగా అతికించే కాగితం. దానిమీద కంపెనీ పేరుంటుంది కాబట్టి కంపెనీనే లేబుల్ అనడం అలవాటైంది. లేబుల్ చేసే పనులు నాలుగు. రికార్డింగుకు డబ్బు పెట్టడం, కాపీలు తీయించడం, కొట్లకు చేర్చడం, పదిమందికీ తెలిసేట్టు చెయ్యడం. ఈ నాలుగు పనులూ చేసినందుకు పెద్ద కంపెనీ మాస్టర్ టేపును, అంటే అసలు టేపును, తన బీరువాలో పెట్టుకుంటుంది. పాడినవాడిది గొంతు, టేపు కంపెనీది. విత్తనం, ఎరువు అప్పిచ్చి పంటంతా తన కొట్టుకే తోలించుకునే షావుకారికీ దీనికీ తేడా ఏముంది? ఇక 'అండర్‌గ్రౌండ్' అనే మాటకి మన పల్లెల్లో వేరే అర్థం వుంది. ఇక్కడ ఎవరూ అడవికి పోలేదు. రేడియోకీ టీవీకీ పెద్ద కంపెనీలకూ బయట, చర్చి హాళ్ళల్లో, ఇళ్ళ కింది గదుల్లో వాయించుకునే రాక్‌ని అండర్‌గ్రౌండ్ రాక్ అంటారు. ఆ పాటను బతికించినవి స్వతంత్ర లేబుళ్ళు.

దోపిడీ ఎట్లా జరిగిందో ముందు చూద్దాం. 1920ల నుంచి నల్లవాళ్ళ పాటల్ని 'రేస్ రికార్డులు' అని వేరే వరసలో పెట్టి అమ్మేవారు. మన వాడల్లాగే వాళ్ళ పాటలకూ వెలివాడ వుండేది. వ్యాపార పత్రికలు 1949 దాకా ఆ పేరే వాడాయి. ఈ అవమానం భరించలేక 1921లో న్యూయార్క్‌లో హ్యారీ పేస్ అనే నల్లజాతి వ్యాపారి 'బ్లాక్ స్వాన్' అనే సొంత రికార్డుల కంపెనీ పెట్టాడు. దాని డైరెక్టర్లలో డుబాయిస్ ఒకరు. 1946లో మన బాబాసాహెబ్ అంబేద్కర్ ఉత్తరం రాసింది ఈ డుబాయిస్‌కే. నల్లవాళ్ళ విముక్తి గురించి పుస్తకాలు రాసిన మేధావి ఒక పాటల కంపెనీలో ఎందుకు కూర్చున్నట్టు? గొంతు మనదై, దాన్ని అమ్మే అంగడి వాళ్ళదైతే ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు కాబట్టి. బ్లాక్ స్వాన్ ఎంతో కాలం నిలవలేదు. 1924 నాటికి ఇంకో కంపెనీ చేతికి పోయింది. కానీ దారి పడింది.

1955లో చక్ బెర్రీ 'మేబిలీన్' అనే పాట రాసి పాడాడు. రాక్ అనే సౌధానికి అదొక పునాది రాయి. రికార్డు బయటికొచ్చాక చూస్తే పాట రాసినవాళ్ళుగా ఆయన పేరు పక్కన ఇంకో ఇద్దరి పేర్లున్నాయి. వాళ్ళలో ఒకడు రేడియోలో పాటలు వేసే అలన్ ఫ్రీడ్. రేడియోలో పాట మోగాలంటే వాడికి వాటా! ఒక్క అక్షరం రాయనివాడికి రచయిత వాటా! ఆ పేర్లు తొలగడానికి 1986 దాకా పట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఇంకో సంగతి గమనించండి. ఆ పాట తీసిన 'చెస్' కంపెనీ పెద్ద కంపెనీ కాదు, షికాగోలో ఇద్దరు అన్నదమ్ములు నడిపిన స్వతంత్ర లేబుల్. చిన్న కంపెనీ అయినంత మాత్రాన న్యాయం దానంతటదే జరగదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికొద్దాం.

పెద్ద కంపెనీల లెక్కలు ఎట్లా వుంటాయో విప్పి చెప్పినవాడు స్టీవ్ ఆల్బీనీ. తనూ రాక్ వాయించేవాడే, రికార్డింగు పనివాడు. 2024లో చనిపోయాడు. 1993లో 'బ్యాఫ్లర్' అనే పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశాడు. నలుగురున్న ఒక జట్టు పెద్ద కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుంది అనుకుందాం అని కాగితం మీద లెక్క కట్టాడు. అడ్వాన్సు రెండున్నర లక్షల డాలర్లు. చూస్తే కళ్ళు తిరిగే మొత్తం. అందులోంచి స్టూడియో ఖర్చు, మేనేజరు వాటా, లాయరు వాటా, వీడియో ఖర్చు, ఊళ్ళు తిరిగిన ఖర్చు ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోయాడు. రెండున్నర లక్షల రికార్డులు అమ్ముడుపోయాక కూడా జట్టు కంపెనీకి 14 వేల డాలర్లు బాకీ తేలింది. వ్యాపారానికి 30 లక్షల డాలర్లకు పైగా లాభం వచ్చింది. వాయించిన నలుగురికీ చివరికి మిగిలింది తలా 4 వేల డాలర్ల చిల్లర. చిల్లర కొట్లో గుమాస్తాగా చేరితే వచ్చేదాంట్లో మూడోవంతు!

ఈ లెక్క మనకు ఎవరైనా నేర్పాలా? మన తాతలు చదివిన లెక్కే ఇది. ఏడాది జీతానికి కుదిరి, ముందు నాలుగు గింజలు తెచ్చుకుని, ఏడాది పొడుగునా ఎద్దులాగా చాకిరీ చేసి, చివర దొర పద్దు తీస్తే బాకీ తేలిన జీతగాడి లెక్క. అడ్వాన్సు అంటే అప్పు. దాన్ని ఇచ్చినవాడే పద్దు రాస్తాడు. పద్దు రాసేవాడు ఎప్పుడూ నష్టపోడు.

ఆల్బీనీ ఊరికే రాసి వూరుకోలేదు. అదే 1993లో నిర్వాణా అనే లోకప్రసిద్ధమైన జట్టుకు రికార్డింగు చేసినప్పుడు, అమ్మకాల్లో వాటా ఇస్తామన్నా తీసుకోలేదు. కుళాయి బాగుచేసే పనివాడిలాగా చేసిన పనికి కూలి చాలన్నాడు. పాట పాడినవాళ్ళది, నా వాటా అందులో ఎందుకుండాలి అన్నది ఆయన వాదన.

మరి ఎదురుతిరిగినవాళ్ళు ఏం చేశారు? 1977 జనవరిలో ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో 'బజ్‌కాక్స్' అనే కుర్రాళ్ళ జట్టు స్నేహితుల దగ్గరా ఇంటివాళ్ళ దగ్గరా 500 పౌండ్లు అప్పు తెచ్చి నాలుగు పాటల రికార్డు వేసుకుంది. వెయ్యి కాపీలతో మొదలుపెట్టారు. అవి అయిపోయాయి. మళ్ళీ మళ్ళీ తీస్తే మొత్తం 16 వేలు పోయాయి. అదే ఏడు 'డెస్పరేట్ బైసికిల్స్' అనే ఇంకో జట్టు తమ మొదటి రికార్డుకు 153 పౌండ్లే ఖర్చయిందనీ, మీరూ తీసుకోవచ్చనీ తర్వాతి రికార్డు అట్ట మీదే చెప్పింది. 1978లో 'స్క్రిట్టి పొలిట్టి' అనే జట్టు ఇంకో అడుగు ముందుకేసింది. రికార్డింగుకు ఎంత, కాపీలకు ఎంత, మధ్యలో అతికించే కాగితానికి ఎంత అని మొత్తం పద్దు అట్ట మీద అచ్చేసింది. ఆ పనులు ఎవరు చేస్తారో కూడా రాసింది.

మిత్రులారా, ఇందులో వున్న విప్లవం చూడండి. దొర పద్దు దాస్తాడు. వీళ్ళు పద్దుని అట్ట మీద కొట్టారు. చదివిన ప్రతి కుర్రాడికీ రెండు సంగతులు తెలిశాయి. ఇది బ్రహ్మవిద్య కాదు. ఇది మన వల్ల అయ్యే పని. మనల్ని వేల ఏళ్ళు అక్షరానికి దూరం పెట్టినవాళ్ళు చేసిందల్లా ఏమిటి? ఇది మీవల్ల కాదు అని నమ్మించడమే కదా!

రికార్డు తీస్తే సరిపోదు, ఊరూరికీ చేరాలి. లండన్‌లో 1976లో జెఫ్ ట్రావిస్ 'రఫ్ ట్రేడ్' అని ఒక రికార్డుల కొట్టు తెరిచాడు. 1978లో అదే పేరుతో లేబుల్ పెట్టారు. ఆ తర్వాత వేరు వేరు ఊళ్ళలోని ఇట్లాంటి కొట్లన్నీ కలిసి 'కార్టెల్' అని ఒక పంపిణీ గొలుసు కట్టుకున్నాయి. యార్క్‌లో ఒకటి, బ్రిస్టల్‌లో ఒకటి, లివర్‌పూల్‌లో ఒకటి. ఒక ఊరి జట్టు పాట ఇంకో ఊరికి ఈ గొలుసు మీద పోయేది. 1979లో ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ కుర్రాళ్ళు 'స్టిఫ్ లిటిల్ ఫింగర్స్' తమ ఊరి వీధుల్లో సైన్యం, బాంబులు, భయం గురించి పాడిన రికార్డును రఫ్ ట్రేడ్ తీస్తే అది లక్ష కాపీలు దాటింది. పెద్ద కంపెనీ గడప తొక్కకుండానే దేశంలో ఎక్కువ అమ్ముడుపోయే మొదటి ఇరవై రికార్డుల్లోకి ఎక్కింది.

ఇప్పుడు అమెరికా రాజధాని వాషింగ్టన్‌కి రండి. అక్కడ 1970ల చివర 'బ్యాడ్ బ్రెయిన్స్' అనే నల్లజాతి కుర్రాళ్ళ జట్టు వుండేది. వేగంలో, పట్టులో వాళ్ళకు సాటి ఎవరూ లేరు. 1980లో తమ మొదటి రికార్డును తమ పేరుతోనే తీసుకున్నారు. వీళ్ళను చూసి, వీళ్ళతో తిరిగి నేర్చుకున్న తెల్లకుర్రాళ్ళు కొందరున్నారు. వాళ్ళ జట్టు పేరు 'టీన్ ఐడిల్స్'. బడి ఈడు పిల్లలు. ఏడాదిపాటు అక్కడా ఇక్కడా వాయించి సంపాదించిన డబ్బు పంచుకోకుండా ఒక డబ్బాలో వేశారు. 600 డాలర్లకు పైగా పోగైంది. అంతలో జట్టు విడిపోయింది. డబ్బు తలా ఇంత తీసుకుని పోదామా, రికార్డు తీద్దామా అని ఆలోచించి రికార్డే తీశారు. 1980 డిసెంబరులో ఎనిమిది పాటలతో వెయ్యి కాపీలు వేశారు. దానికోసం ఇయన్ మెకాయ్, జెఫ్ నెల్సన్, ఇంకో మిత్రుడు కలిసి 'డిస్కార్డ్' అనే లేబుల్ పెట్టారు.

అట్టలు చేయించడానికి డబ్బు చాలలేదు. బయటి దేశం రికార్డు అట్ట ఒకటి విప్పదీసి, దాని ఆకారం గీసుకుని, అచ్చేయించుకుని, స్నేహితులంతా కూర్చుని కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అతికించారు. అట్లా వేల అట్టలు చేతులతో చేశారు. మొదటి రికార్డు డబ్బు రెండోదానికి, రెండోదాని డబ్బు మూడోదానికి. ఇంటినే ఆఫీసు చేసుకున్నారు. తమ ఊరి జట్లవే తీశారు. మా ఊరి పాటని మేం దాచుకుంటాం, మీ ఊరివాళ్ళు మీ లేబుల్ పెట్టుకోండి అన్నారు. పోస్టు ఖర్చుతో కలిపి ధర ఎంతో అట్ట మీదే అచ్చేసేవారు, కొట్టువాడు ఎక్కువ గుంజకుండా. మన పత్రిక మడతపెట్టి, పిన్ను కొట్టి, స్టాంపులు అంటించి సంచిలో వేసుకుని పోయే కార్యకర్తలకు ఈ చిత్రం కళ్ళకు కట్టినట్టు వుంటుంది.

అదే మెకాయ్ 1987లో 'ఫుగాజీ' అనే జట్టులో చేరాడు. వీళ్ళ కచేరీకి టిక్కెట్టు చాలావరకు 5 డాలర్లే. చిన్నపిల్లలకు కూడా ప్రవేశం వుండాలని పట్టుబట్టేవారు, ఎందుకంటే సారా అమ్మే చోట పిల్లల్ని రానివ్వరు. తమ పేరుతో చొక్కాలు అమ్ముకోలేదు. పెద్ద కంపెనీలు వెంటపడినా పోలేదు. వాళ్ళ రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి. డిస్కార్డ్ ఇప్పటికీ నడుస్తోంది.

ఆ ఊరి పక్కనే ఇద్దరు ఆడవాళ్ళు, జెన్నీ టూమీ, క్రిస్టిన్ థామ్సన్, 1990లో 'సింపుల్ మెషీన్స్' అనే లేబుల్ పెట్టారు. రాక్ లోకం మగవాళ్ళ జాగీరుగా వున్న రోజుల్లో. వాళ్ళు చేసిన పెద్ద పని ఒక చిన్న పుస్తకం. రికార్డు ఎట్లా తియ్యాలి, ఎక్కడికి పంపాలి, ఎంతవుతుంది, ఎక్కడ మోసపోతారు అన్నీ రాసి అడిగినవాళ్ళకు పోస్టులో పంపారు. తమకు తెలిసిన విద్యను తమ దగ్గరే దాచుకోలేదు. గురువు బొటనవేలు అడిగిన దేశంలో పుట్టిన మనకు ఈ పని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ మంచి చెప్పుకున్నాం. చెడు కూడా చెప్పుకోకపోతే అది ఉద్యమ పత్రిక అనిపించుకోదు.

మొదటిది. చిన్న దొరలు కూడా దొరలే. కాలిఫోర్నియాలో 1978లో 'బ్లాక్ ఫ్లాగ్' జట్టు గిటారిస్టు గ్రెగ్ గిన్ 'ఎస్ఎస్‌టి' అనే లేబుల్ పెట్టాడు. 1980లలో గొప్ప గొప్ప రికార్డులు తీసిన లేబుల్ అది. కానీ తర్వాత తమకు రావాల్సిన డబ్బు రాలేదని అనేక జట్లు ఆరోపించాయి. 'మీట్ పప్పెట్స్' లాంటి జట్లు తమ టేపుల కోసం కోర్టుకు ఎక్కాల్సి వచ్చింది. మనవాడే కదా అని పద్దు అడగడం మానేస్తే మనవాడు కూడా షావుకారు అవుతాడు. ఇది మన సంఘాలకూ వర్తిస్తుంది. చందాల పుస్తకం నలుగురి ముందు విప్పని నాయకుడు ఎంత మంచి ఉపన్యాసం ఇచ్చినా నమ్మకండి.

రెండోది. నమ్మకానికి కాగితం కూడా కావాలి. షికాగోలో 'టచ్ అండ్ గో' అనే లేబుల్ ఖర్చులు పోగా మిగిలింది జట్టుకు సగం, లేబుల్‌కి సగం అనే పద్ధతి పెట్టింది. పెద్ద కంపెనీలు విదిలించే దాంతో పోలిస్తే ఇది ఎంతో న్యాయం. కానీ ఇదంతా నోటిమాట, చెయ్యి కలిపిన ఒప్పందం. 'బట్‌హోల్ సర్ఫర్స్' అనే జట్టు తర్వాత వాటా పెంచమంది, తగాదా వచ్చింది, కోర్టుకు పోయింది. కాలపరిమితి రాసుకోలేదు కాబట్టి జట్టు ఎప్పుడైనా ఒప్పందం రద్దు చేసుకోవచ్చని 1999లో అప్పీలు కోర్టు జట్టు పక్షానే తీర్పు చెప్పింది. ఎవరు రైటు అన్నది పక్కన పెట్టండి. రెండు వాక్యాలు కాగితం మీద రాసుకుని వుంటే పాత స్నేహితులు కోర్టు మెట్లు ఎక్కేవాళ్ళు కాదు. బాబాసాహెబ్ మనకు ఇచ్చి పోయింది కూడా రాతపూర్వకమైన హక్కే.

మూడోది. మనం నాటిన చెట్టు కాయలు కాసేటప్పుడు కొనేవాడు వస్తాడు. సియాటిల్‌లో 'సబ్ పాప్' అనే చిన్న లేబుల్ నిర్వాణా జట్టు మొదటి రికార్డు 1989లో తీసింది. దాని రికార్డింగుకు అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. రెండేళ్ళు తిరగకముందే ఆ జట్టు పెద్ద కంపెనీకి పోయింది. 1991లో వచ్చిన 'నెవర్‌మైండ్' లోకమంతా మోగింది. ఆ తర్వాత పెద్ద కంపెనీలు ఊరూరూ తిరిగి చిన్న జట్లను ఏరుకున్నాయి. 1995లో సబ్ పాప్ కూడా తన వాటాలో 49 శాతం వార్నర్ కంపెనీకి అమ్మేసింది. పోయినవాళ్ళను తిట్టి లాభం లేదు. ఇల్లు గడవనివాడు నాలుగు డబ్బులొస్తాయంటే పోతాడు. కానీ ఆ కొన్నవాళ్ళు చాలామంది జట్లను ఒకటి రెండు రికార్డుల తర్వాత వదిలేశారు. టేపులు మాత్రం వాళ్ళ బీరువాలోనే వుండిపోయాయి.

నాలుగోది. దారి తెగితే పాట ఆగిపోతుంది. 1991లో రఫ్ ట్రేడ్ పంపిణీ వ్యవస్థ కూలిపోయింది. దాని మీద ఆధారపడ్డ చిన్న లేబుళ్ళకు రావాల్సిన బాకీలు మునిగాయి. తప్పు ఏమీ చెయ్యనివాళ్ళు కూడా దెబ్బతిన్నారు. 2009లో టచ్ అండ్ గో ఇతర లేబుళ్ళ రికార్డులు పంపిణీ చెయ్యడం మానుకున్నప్పుడు మళ్ళీ అదే కష్టం. అందరి సరుకూ ఒకే బండి మీద ఎక్కిస్తే ఇరుసు విరిగిన రోజు అందరూ నడిరోడ్డు మీదే.

ఐదోది, మనం తప్పక అడగాల్సింది. ఈ కథల్లో వీరులుగా ఎవరి పేర్లు మిగిలాయి? ఎక్కువగా తెల్లవాళ్ళవే. వెనక్కి తిరిగి పోవడానికి ఇల్లు వున్నవాడు 5 డాలర్ల టిక్కెట్టు పెట్టగలడు, పెద్ద కంపెనీని కాదనగలడు. డెట్రాయిట్ అన్నదమ్ములు కూడా కాదన్నారు. వాళ్ళకు దక్కింది ముప్ఫై నాలుగేళ్ళ నిశ్శబ్దం. ఒకే పని చేసినా తెల్లవాడు చేస్తే ఆదర్శం, నల్లవాడు చేస్తే మొండితనం. మెకాయ్ లాంటివాళ్ళు తమకు దారి చూపింది బ్యాడ్ బ్రెయిన్స్ అని నిజాయితీగా చెప్పుకున్నారు. అది వాళ్ళ మంచితనం. చరిత్ర రాసేవాళ్ళలో అందరికీ ఆ మంచితనం లేదు. కాబట్టి లేబుల్ ఒక్కటే చాలదు. చరిత్ర రాసే కలం కూడా మన చేతిలో వుండాలి.

ఈ రోజుల్లో రికార్డులు పోయాయి, క్యాసెట్లు పోయాయి, ఫోనులో అన్నీ వుచితమే కదా, ఇంక లేబుల్ గొడవ ఎందుకు అని కుర్రాళ్ళు అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. ఇవాళ పాటని లోకానికి వినిపించడానికి 600 డాలర్లు కూడా అక్కర్లేదు. కానీ షావుకారు పోలేదు, వేషం మార్చాడు. 2024 నుంచి స్పాటిఫై ఒక నియమం పెట్టింది. ఏడాదిలో వెయ్యిసార్లు వినని పాటకు పైసా ఇవ్వదు. చిన్న వాడ పాటకు వెయ్యి చెవులు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. 'బ్యాండ్‌క్యాంప్' అనే అంగడి 2008లో మొదలై చిన్న జట్లకు నిజంగా మేలు చేసింది. అభిమాని ఇచ్చిన డబ్బులో ఎక్కువ భాగం పాడినవాడికే చేరేది. 2022లో దాన్ని ఒక వీడియో ఆటల కంపెనీ కొన్నది. 2023లో ఇంకో కంపెనీకి అమ్మింది. అమ్మిన వెంటనే ఉద్యోగుల్లో సగంమంది రోడ్డున పడ్డారు. అంగడి మనది కానప్పుడు ఎంత మంచి అంగడైనా రాత్రికి రాత్రే చేతులు మారుతుంది.

మనవాళ్ళకు ఇది దూరపు కథ కాదనడానికి చెన్నై చూడండి. 2017 చివర సినిమా దర్శకుడు పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రమూ, సంగీతకారుడు టెన్మా నడిపే 'మద్రాస్ రికార్డ్స్' అనే స్వతంత్ర లేబులూ చెయ్యి కలిపి 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' అనే జట్టును నిలబెట్టాయి. కులం లేని జట్టు అని అర్థం. కులం లేని తమిళులు అని వందేళ్ళ కిందటే చెప్పిన అయోతీదాస్ పండితుడి మాటలోంచి ఆ పేరు తీసుకున్నారు. మన డప్పు లాంటి పరై ఒక పక్క, గిటారు ఒక పక్క. చావు ఊరేగింపుల్లో పాడతారని చిన్నచూపు చూసిన ఉత్తర చెన్నై గానా పాట స్టేజీ నడిమధ్యకు వచ్చింది. రిజర్వేషన్ల గురించి, కుల హత్యల గురించి, అంబేద్కర్ గురించి పాడారు. గానా మగవాళ్ళదే అన్న మాటను ఇసైవాణి అనే అమ్మాయి పాడి చెరిపేసింది. ఏ పెద్ద కంపెనీ ఈ పని మొదలుపెట్టి వుండేది? మొదట ఆ పేరు మార్చుకురండి అని వుండేది!

కాబట్టి కార్యకర్తలకు మేం చెప్పేది ఇది. మన వాడలో పాట కట్టేవాళ్ళకు కొదవ లేదు. సభలో పాడిన పాట మర్నాటికి ఎవరి ఫోనులోనో తేలుతుంది, ఆరునెలలకు ఇంకెవరి పేరుతోనో వస్తుంది. పాట కట్టినవాళ్ళ పేరు, ఊరు, తేదీ ముందు రాసిపెట్టండి. రికార్డు చేసిన అసలు కాపీ ఒకటి సంఘం దగ్గర, ఒకటి పాడినవాళ్ళ ఇంట్లో వుంచండి. ఎవరైనా డబ్బిస్తామని వస్తే సంతోషం, కానీ అసలు కాపీ మీద హక్కు రాసివ్వకండి, ఎన్నేళ్ళకు ఇస్తున్నారో కాలం రాసుకోండి. ఖర్చూ రాబడీ పాట కట్టినవాళ్ళకు కూడా చూపించండి. చదువురాని అవ్వ పాట కడితే ఆమెకు చదివి వినిపించి వేలిముద్ర వేయించుకోండి, ఆమె వాటా ఆమెకే ఇవ్వండి. ఉద్యమం పేరు చెప్పి ఆమె కష్టాన్ని మనమే మింగితే మనకూ దొరకూ తేడా వుండదు.

డేవిడ్ హాక్నీ తన పాట లోకం వినడం చూడకుండానే పోయాడు. ఇది గెలుపు కథ అని చెప్పడానికి మాకు నోరు రాదు. బతికుండగా వినని లోకం చచ్చాక చప్పట్లు కొడితే ఆయనకేం ఒరిగింది? కానీ ఒక్క సంగతి మాత్రం నిజం. ఆ రోజు పేరు మార్చుకుని టేపులు ఇచ్చేసి వుంటే, అవి ఏ కంపెనీ గోడౌన్లోనో మట్టిలో కలిసిపోయేవో, ఇంకెవరి పేరుతోనో మోగేవో. ఆ టేపులు అటకమీద వున్నాయి కాబట్టి, ఆ అటక తమ ఇంటిది కాబట్టి, ఆ పాట ఆ అన్నదమ్ముల పేరుతో, వాళ్ళు పెట్టుకున్న ఆ పేరుతోనే బయటికొచ్చింది.

మీ వాడలో పాట కట్టినవాళ్ళు ఎవరున్నారు? వాళ్ళ పాటలు ఎవరి దగ్గరున్నాయి? వచ్చే పక్షంలోగా వెళ్ళి కనుక్కోండి.